చౌరస్తాలో మామయ్య నవ్వు

భయపడటం ఒక ఉద్యోగమైతే ఆ రోజుల్లో నాకు ప్రమోషన్లు వరసగా వచ్చి ఉండేవి. డిగ్రీ పూర్తయి, వేరే పనేదీ దొరక్క, దొరికిన ఈ ఒక్క పనినే శ్రద్ధగా చేసేదాన్ని. బల్లికి భయం. బస్సులో కండక్టరు గట్టిగా పిలిస్తే భయం. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే భయం, తెలిసిన నంబరైతే ఇంకా భయం (తెలిసినవాళ్లే కదా "ఉద్యోగం వచ్చిందా?" అని అడిగేది). మిర్యాలగూడలో మా నాన్న రైసుమిల్లు గుమాస్తా. ఆయన నన్ను కొన్నాళ్లు చూసి చూసి, "ఇంట్ల కూసుంటే నీకీ బుగులు ఇంకింత పెరుగుతది. సూర్యాపేట పోయి మీ అత్త దుకాణంల కూసో. నలుగురితోని మాట్లాడుడు అలవాటైతది" అని బస్సెక్కించాడు. నీళ్లంటే వణికే పిల్లను తీసుకెళ్లి సాగర్ గేట్ల ముందు నిలబెట్టినట్టయింది నా పని. ఎందుకంటే నా భయాలన్నిటినీ తక్కెడలో ఒక వైపు వేసి, రెండో వైపు మా మేనత్తను ఒక్కదాన్నే కూర్చోబెడితే, అత్త వైపే మొగ్గేది.

అత్త దుకాణం కూరగాయల మార్కెట్ వెనక వీధిలో. ముందు గదిలో కిరాణం, వెనక గదుల్లో కాపురం. అందరూ ఆమెను సేటమ్మ అనేవారు. ఆమె దగ్గర సరుకు కొనడమంటే చిన్న ఇంటర్వ్యూకి వెళ్లడమే. ఎవరైనా కందిపప్పు అడిగితే, "మొన్ననే తీస్కపోతివి గదనే, అప్పుడే ఒడిసిందా? ఇంటికి సుట్టాలొచ్చిండ్రా? ఎవరొచ్చిండ్రు? ఎప్పుడు పోతరు?" అని అడిగి, జవాబు నచ్చితేనే పప్పు తూచేది. ధర అడిగితే ఆమె కళ్లద్దాల పైనుంచి చూసే చూపుకు పెద్ద పెద్ద మీసాలవాళ్లు కూడా "ఊకనే అడిగిన సేటమ్మా" అని సంచీ ముందుకు చాపేవారు. అట్లని మోసం చేసేదా అంటే, ఎన్నడూ లేదు. పుచ్చు శనగలు వచ్చాయని ఒకసారి ఏకంగా బస్తాను తిరుగు ఆటోలో పంపింది. తూకంలో ఎప్పుడూ గుప్పెడు ఎక్కువే వేసేది. కాకపోతే ఆ గుప్పెడును కూడా తిట్టినట్టే వేసేది.

మా మామయ్య ఆమెకు పూర్తిగా వ్యతిరేకం. పొట్లాలు కట్టడం, బస్తాలు సర్దడం, మధ్యమధ్య "ఊఁ" అనడం, ఇంతే ఆయన జీవితం. ఆయనకు షుగరు ఉందని అత్త బెల్లం డబ్బాకు తాళం వేసేది. ఆయన నవ్వగా నేను చూడలేదు. పెళ్లి ఫొటోలో కూడా కెమెరా వైపు కాకుండా పక్కకు, అనుమతి అడుగుతున్నట్టు చూస్తుంటాడు.

ఇట్లా మేమంతా ఎవరి భయంలో వాళ్లం క్రమశిక్షణగా బతుకుతుండగా హైవే పక్కన మార్ట్ తెరిచారు. అంతా అద్దాలు, లోపల ఏసీ, బయట బెలూన్లు, రోజంతా మైకు. ఆ వారమే మామయ్య మేనల్లుడు కోదాడ నుంచి ఫోన్ చేశాడు. అతన్ని మేం కోదాడ బావ అనేవాళ్లం. అతనికీ అక్కడ కిరాణా కొట్టుంది. అటు ఆంధ్ర దగ్గర కదా, మాట కూడా అటే మొగ్గి ఉంటుంది. "ఏం చెప్పమంటావత్తయ్యా, మా దగ్గర కూడా ఇట్లాంటిదే పెట్టారు. మా బజార్లో కొట్లు ఒక్కొక్కటే మూసేస్తన్నారు. పొద్దున్నించీ కూర్చుంటే అగ్గిపెట్టె అడిగేవాడు కూడా లేడు. నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు" అన్నాడు. స్పీకర్ ఫోన్ కాబట్టి అందరం విన్నాం. అత్త ఫోను పెట్టేసి, చింతపండు బుట్ట ముందేసుకుని గింజలు తీయడం మొదలుపెట్టింది. అంతకు ముందే గింజలు తీసేసిన చింతపండు అది.

ఆ సాయంత్రం ఒక పిల్లవాడు పెరుగు గిన్నె మా గడపమీదే ఒలకబోసినా అత్త తిట్టలేదు. మర్నాడు నేను ఉప్పు డబ్బాలో చక్కెర పోసినా తిట్టలేదు. ఉరుమే మేఘం ఉరమకపోతే భయమే కదా! దుకాణంలో ఫోన్ చెల్లింపుల పెట్టె ఒకటుండేది, ఎవరైనా డబ్బు వేస్తే ఆడగొంతుతో గట్టిగా చెప్పేది. మెల్లమెల్లగా అది కూడా నోరు మూసుకుంది. అది పాడయిందేమోనని మామయ్య దాన్ని తట్టి, ఊపి, చెవి దగ్గర పెట్టుకుని చూశాడు. పాడవలేదు. చెప్పడానికి దానికి విషయమే లేదు.

చివరికి ఒకనాడు మధ్యాహ్నం అత్త నన్నూ మామయ్యనూ పిలిచి గొంతు తగ్గించి, "మీరిద్దరు పొయ్యి సూసి రండ్రి. ఆడ ఏమున్నది, ఎందుకు పోతున్నరు జనం, ధరలు ఎట్లున్నయి, అన్ని మనసుల పెట్టుకోండ్రి. ఏం కొనొద్దు. ఆడ నీళ్లు సుత తాగొద్దు" అంది. గూఢచారి పని! పగటిపూట తెలుగు సీరియల్‌లో అత్తగారు తలుపు చాటునుంచి వింటుంటేనే తట్టుకోలేక చానల్ మార్చే నాకు! "నన్ను గుర్తుపడితే ఎట్ల అత్తమ్మా?" అన్నాను. "మాస్కు ఏసుకో. కరోనా పోయినా మాస్కులు యాడ పోయినయ్? ఇంటి నిండ ఉన్నయి" అంది. మామయ్యకు కూడా ఒకటి తగిలించింది. పైగా నెత్తికి రుమాలు కట్టుకున్నాడు. ఇద్దరం అద్దంలో చూసుకుంటే, మార్ట్‌ను చూడటానికి కాక దోచుకోవడానికి వెళ్తున్నట్టున్నాం.

మార్ట్ గుమ్మంలో సెక్యూరిటీ అతను చెయ్యి అడ్డం పెట్టి, "మేడమ్, బ్యాగు" అన్నాడు. దొరికిపోయామనుకున్నాను. "నాకేం ఎరుక లేదన్నా, మా అత్త పంపింది" అనేశాను. అతను అయోమయంగా చూసి, "బ్యాగు ఈడ పెట్టి టోకెన్ తీస్కోండ్రి" అన్నాడు. లోపలికి వెళ్లాం. పైన నల్లటి గాజుబుడ్డి కెమెరాలు. ఏ వరసలోకి వెళ్లినా ఒక బుడ్డి నన్నే చూస్తోంది. ధరలు చదవబోతే అంకెలన్నీ కలిసిపోయి చీమలబారులా కదులుతున్నాయి. మామయ్య మాత్రం ట్రాలీ పట్టుకున్న క్షణం నుంచి వేరే మనిషైపోయాడు. ఖాళీ ట్రాలీ తోసుకుంటూ, చల్లగాలికి ముఖం ఎత్తి, తనను కేకేసేవారెవరూ లేని ఆ వెడల్పాటి దారుల్లో రాజుగారి ఊరేగింపులా సాగిపోతున్నాడు. ఒకచోట ఎవరో అమ్మాయి కొత్త మిఠాయి రుచి చూడమని చిన్న కప్పుల్లో పంచుతోంది. ఆయన మాస్కు కిందికి లాగి ఒక కప్పు, చుట్టూ చూసి ఇంకో కప్పు తీసుకున్నాడు. నేను ఆయన్ని ఆపడానికి పరుగెత్తబోయి, సబ్బుల వరస మలుపులో ఎవరినో ఢీకొన్నాను.

మాస్కు, నల్ల కళ్లద్దాలు, మెడలో మాత్రం కొలత టేపు. మా వీధి టైలరన్న! ఆయన ఎప్పుడూ ఆ టేపు తీయడు, మరిచిపోయి అట్లనే వచ్చాడు. నన్ను చూసి సబ్బు పెట్టెతో సహా కొయ్యబారిపోయాడు. "బిడ్డా... నేను కొననీకి రాలే. ఊకనే గాలి తాకనీకి వచ్చిన. సేటమ్మకు సెప్పకు, నీ కాళ్లు మొక్కుత" అన్నాడు. (నేనే ఆయన కాళ్లు మొక్కుదామనుకుంటున్నాను.) ఆ మాటలకు పక్కనున్న అట్టపెట్టెల గుట్ట వెనకనుంచి చిన్న దగ్గు వినిపించింది. అది అప్పడాల అక్క దగ్గు. అప్పడాలు వత్తి మా దుకాణంలోనే అమ్మకానికి వేసే ఆమె, పిండి దుమ్ముకు రోజంతా అట్లనే దగ్గుతుంది. కొంగు కళ్లదాకా లాక్కుని బయటికొచ్చి, "నేను సుత గాలికే వచ్చిన" అంది. చేతిలో షాంపూ సీసా. ఆ వెనకనుంచి ఇంకొకరు, ఆ పక్క వరసనుంచి మరొకరు. చూస్తుండగా మా వీధి సగం అక్కడ పోగైంది, అందరూ గాలికే. అందరూ నన్ను బతిమాలేవాళ్లే, నేను అందర్నీ బతిమాలేదాన్నే. "నేను మిమ్మల్ని సూల్లే, మీరు నన్ను సూల్లే" అని సబ్బుల మీద ప్రమాణం చేసుకున్నాం.

సరిగ్గా అప్పుడు చప్పట్లు కొడుతూ ఒక కుర్రమేనేజరు వచ్చాడు. టై కట్టుకున్నాడు, ఎక్కడో దూరపు జిల్లావాడు. "మీరంతా ఒకే ఫ్యామిలీనా అండీ? ఇంత పెద్ద గ్రూపుగా వచ్చిన మొదటి కస్టమర్లు మీరే! ఒక్క ఫొటో! మాస్కులు తీసేయండి, ప్లీజ్! స్మైల్!" అన్నాడు. పారిపోవాల్సింది. కానీ పోలీసులను చూసినప్పుడూ కెమెరాను చూసినప్పుడూ మనవాళ్ల కాళ్లు ఒకేలా పనిచేస్తాయి, అంటే పనిచేయవు. వద్దంటే అనుమానం వస్తుందన్న భయంతో అందరం మాస్కులు తీసి, పళ్లు బయటపెట్టాం. మామయ్య ఎక్కడినుంచి వచ్చాడో వచ్చి ముందు వరసలో మధ్యన నిలబడ్డాడు. మిఠాయి నోట్లోనే ఉంది. ఆయన నవ్వాడు. చిన్నపిల్లవాడు పండుగనాడు నవ్వినట్టు, నోరారా, కళ్లు మూసుకుపోయేలా నవ్వాడు. క్లిక్ మన్నాక మేనేజరు, "చాలా థ్యాంక్సండీ. ఇది చౌరస్తాలో ఫ్లెక్సీ వేయిస్తాం" అన్నాడు.

ఇంటికొచ్చి అత్తకు ఏం చెప్పామో నాకు గుర్తు లేదు. చెమటలు మాత్రం గుర్తున్నాయి. మర్నాడు పొద్దున మామయ్య సైకిల్ మీద అటు వెళ్లి, సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు. ఎక్కి తొక్కే బలం లేదట. నా చెవి దగ్గరికొచ్చి, "పెట్టిండ్రు. మస్తు పెద్దగున్నది. నేనే నడుమ ఉన్న" అన్నాడు. ఒకేసారి అన్ని మాటలు ఆయన నోట వినడం నాకు అదే మొదలు. కాసేపటికి వీధంతా తెలిసింది. టైలరన్న మిషన్ మీద తల ఆన్చి కూర్చున్నాడు. అప్పడాల అక్క దగ్గు ఎక్కువైంది. అత్త చౌరస్తా వైపు వెళ్లకుండా చూడటమే అందరికీ పనైపోయింది. ఆమె గడప దిగితే చాలు, ఒకరు ఎదురొచ్చి "అటు రోడ్డు తవ్విండ్రు సేటమ్మా" అనేవారు, ఇంకొకరు "అటు కుక్కలు మీదికొస్తున్నయి" అనేవారు. "గీ ఊరికి ఏమైందే?" అని అత్త ఆశ్చర్యపోయేది.

ఈలోగా ఆమె భయం ఇంకో దారి పట్టింది. బేరం తగ్గింది కదా, ఆమె ఒక్కొక్కటే ఆపేయసాగింది. సరుకులు వేసివ్వడానికి టైలరన్న దగ్గర గుడ్డ సంచులు కుట్టించేది, ఆ కుట్టుపని ఆపింది. అప్పడాల అక్క గంపతో వస్తే, "ఇప్పుడొద్దు. ఉన్నయే అమ్ముతలేవు" అంది. వినాయకుడి చందాకు కుర్రవాళ్లు వస్తే ఏటా అందరికంటే ముందు రాయించే మనిషి, "మళ్లీ రాండ్రి నాయనా" అని లోపలికి వెళ్లిపోయింది. ఏటా సన్నబియ్యం వేసే పెన్‌పహాడ్ రైతుకు కూడా ఈసారి తీసుకోలేనని చెప్పాలని అనుకుంటోందని మామయ్య ద్వారా తెలిసింది.

టైలరన్నకు, అక్కకు రెండు భయాలూ కలిసి కాళ్లకు చుట్టుకున్నాయి. ఇద్దరూ నన్ను వెంటబెట్టుకుని (బిడ్డ చదువుకున్నది, ఇంగ్లీషుల మాట్లాడుతది అని) మార్ట్ మేనేజరు దగ్గరికి వెళ్లారు. ఇంగ్లీషు మాట సరే, అతని ముందు నాకు తెలుగు కూడా రాలేదు. టైలరన్నే మొదలుపెట్టాడు. "సారూ, జర ఆ ఫ్లెక్సీ తీయించున్రి. మా ఇజ్జత్ పోతది."

"అయ్యో, నా చేతిలో లేదన్నా. హెడ్డాఫీసు వాళ్లు చెప్పాలి" అన్నాడతను. పాపం, మంచివాడే.

"పోనీ, సంచులు కుట్టిస్తరా నాతోని? గట్టిగ కుడుత."

"సంచులు హెడ్డాఫీసు నుంచే వస్తాయన్నా."

"నా అప్పడాలు పెట్టుకోరాదు కొడుకా? ఒక్కటి తిని సూడు" అని అక్క కొంగు ముడిలోంచి కాల్చిన అప్పడం తీసి ఇచ్చింది. అతను నిలబడే తిన్నాడు. ఇంకొకటి కూడా తిన్నాడు. కళ్లు తుడుచుకున్నంత పని చేశాడు. "చాలా బాగుందక్కా. కానీ ఇక్కడ ఏ వస్తువు పెట్టాలో హెడ్డాఫీసే..."

"గా హెడ్డాఫీసు ఏ ఊర్లుంటది సారూ? ఈడికెళ్లి బస్సు పోతదా?" అంది అక్క, నిజంగానే.

అతను చెప్పిన ఊరిపేరు మా ముగ్గురికీ తెలియదు. విమానంలో వెళ్లాలన్నాడు. వినాయకుడి కుర్రవాళ్లకు కూడా చందా కోసం అక్కడికే మెయిల్ పెట్టమన్నాడట. మా ఊళ్లో జనం ఇచ్చే డబ్బంతా ఆ అద్దాల తలుపులోంచి వెళ్లి, బస్సు కూడా పోని ఊళ్లో దిగుతోందన్న సంగతి నాకు ఆనాడే మొదటిసారి కడుపులో తగిలింది. డిగ్రీలో ఆర్థికశాస్త్రం చదివాను, మంచి మార్కులే వచ్చాయి, కానీ ఎప్పుడూ కడుపులో తగల్లేదు.

ఆ మర్నాడే రావలసింది వచ్చింది. అత్త పట్టుచీర కట్టుకుని, "పెన్‌పహాడ్ పోయొద్దాం పా బిడ్డా. ఆ రైతుకు ఫోన్‌ల సెప్పుడు మంచిగుండదు, ముఖం సూసి సెప్పాలె" అని ఆటో పిలిచింది. ఆటో చౌరస్తా మీదుగానే పోవాలి. రోడ్డు తవ్వారని చెప్పాను, కుక్కలని చెప్పాను, నాకు కడుపునొప్పి అని చెప్పాను. కడుపునొప్పి అబద్ధం కాదు, అప్పటికి నిజంగానే మొదలైంది. "ఎక్కు" అంది. ఎక్కాను. చౌరస్తా దగ్గరయ్యేకొద్దీ నా చున్నీని ఆటో పక్కన తెరలా పట్టుకున్నాను. "గాలాడుతలేదు, తియ్యి" అంది. ఇంకో వైపు చూపించి, "అత్తమ్మా, అటు సూడు, ఎంత పెద్ద లారీనో!" అన్నాను. "నేనెప్పుడు లారీ సూల్లేదా?" అని ఆమె ఇటే తిరిగింది. సరిగ్గా అక్కడే ట్రాఫిక్ ఆగింది.

పైన మేమందరం, మనిషికన్నా పెద్ద తలకాయలతో. నేను మూలన, ఫొటోలో కూడా భయపడుతూ. నడుమ మామయ్య, సూర్యుడిలాగా.

అత్త ఆటో దిగింది. వెనకనుంచి హారన్లు మోగుతున్నా కదల్లేదు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూసింది. నేను ఆమె పక్కన నిలబడి, భూమి చీలుతుందేమోనని కిందికి చూస్తున్నాను (చీలితే ముందు నేనే దూకేద్దామని). చాలాసేపటికి ఆమె గొంతు వినిపించింది, మెల్లగా. "ఆయనకు పండ్లు గంత తెల్లగున్నయా?" ఆమె ఒక్కొక్కరి ముఖమే చూసుకుంటూ పోయింది. టైలరు, అప్పడాలామె, పక్కింటివాళ్లు, నేను. ఆటోవాడితో, "ఇంటికి తిప్పు" అంది.

మేము పోయిన సంగతి తెలిసి వీధంతా దుకాణం ముందే ఉంది. పారిపోతే ఇంకా ప్రమాదమని వచ్చినట్టున్నారు. మామయ్య బెల్లం డబ్బా వెనక నిలబడ్డాడు, అది తుపాకీ గుండును ఆపుతుందన్నట్టు. అత్త తన పీట మీద కూర్చుంది. అందరినీ చూసింది. తిట్టు కోసం అందరం తల వంచాం.

"ఫొటోల అందరు మంచిగ నవ్విండ్రు" అంది. "ఇన్నేండ్ల సంది నా దుకాణం మెట్లెక్కుతున్నరు గదా. ఒక్కనాడన్న గట్ల నవ్వితిరా?"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాకు బుగులైతున్నది. కోదాడ పిలగాడు ఫోన్ చేసినప్పటి సంది అన్నం దిగుతలేదు. ఇది బందయితే నేనెట్ల బతకాలె? ఇదొక్కటే నాకొచ్చు." అత్తకు భయం! మేమందరం భయపడటానికి పెట్టుకున్న మనిషికే భయమైతే ఇక మా భయాలు ఎవరికి చెప్పుకోవాలి? నాకు ఏడుపొచ్చింది. అప్పడాల అక్కకు మాత్రం కోపమొచ్చింది, అదీ టైలరన్న మీద. "అంతా నీతోనే అయింది. నువ్వే ముందుగాల ఆడ సబ్బులు సస్తయని సెప్పినవ్" అంది. సస్త అంటే చవక అని ఆమె భావం.

"నేను సబ్బులు కొంటే నీకేమైంది? నువ్వు నా దగ్గర జాకెట్లు కుట్టిచ్చుడు ఎందుకు బంద్ చేసినవ్?"

"అప్పడాలు పోకపాయె, జాకెట్లు ఏడికెళ్లి కుట్టియ్యాలె?"

"సేటమ్మ అప్పడాలు ఎందుకు వద్దన్నది? నువ్వు షాంపూ ఆడ కొంటివి గనుక!"

"నువ్వు సబ్బులు కొంటివి గనుక నీ సంచులు బందయినయి!"

ఇట్లా ఇద్దరూ ఒకరినొకరు వేలెత్తి చూపించుకుంటూ చూపించుకుంటూ, వేళ్లు ఒక చుట్టు తిరిగి మళ్లీ ఎవరి ముందుకు వాళ్లవే వచ్చి ఆగాయి. టైలరన్న మెడలోని టేపు సవరించుకుని, "అంటే... మనం మన పైసలే ఎల్లగొట్టుకున్నమా ఏంది?" అన్నాడు. అక్క, హెడ్డాఫీసుకు బస్సు పోదన్న సంగతి అత్తకు చెప్పింది. అత్త అంతా విని, "బస్సు పోని ఊరోడు నీ బిడ్డ పెండ్లికొస్తడా? కట్నమేస్తడా?" అంది. అది తిట్టు. ఎన్నాళ్లకో వినిపించిన మొదటి తిట్టు. అందరి ముఖాల్లోకీ రక్తం తిరిగి వచ్చింది.

అయితే వాళ్లు కూడా ధైర్యం చేసి ఒక మాట అన్నారు. ఆమె దగ్గర ధర అడగాలంటే భయమని, ఏ పప్పు ఎంత కొంటే ఏమంటుందోనని బుగులుతో మెట్లెక్కుతామని, అక్కడైతే ఎవరూ ఏమీ అడగరని. అత్త చాలాసేపు ఆలోచించింది. మర్నాటినుంచి ప్రతి డబ్బా మీదా ధర రాసిపెట్టమని నాకు చెప్పింది. ఫోన్ చేస్తే మామయ్య సైకిల్ మీద ఇంటికే సరుకు తెచ్చేట్టు ఏర్పాటైంది. అంతవరకు బాగానే ఉంది. నవ్వడం కూడా నేర్చుకుంటానని పట్టుబట్టింది. అద్దం ముందు సాధన చేసి, మొదట వచ్చిన పిల్లవాడి మీద ప్రయోగించింది. వాడు చాక్లెట్ అక్కడే పడేసి ఇంటిదాకా పరుగెత్తాడు. పెద్దవాళ్లు కూడా ఆ నవ్వు చూసి, ఏం తప్పు చేశామోనని వణికిపోయారు. చివరికి టైలరన్నే అందరి తరఫునా వచ్చి, "సేటమ్మా, నవ్వకు. నువ్వు తిడితేనే మాకు నిమ్మళం" అని బతిమాలాడు.

ఆమె మళ్లీ సంచులు కుట్టించింది. అప్పడాలు తీసుకుంది. ఆలస్యంగానైనా చందా ఇచ్చింది. పెన్‌పహాడ్ వెళ్లి ముఖం చూసి, ఈసారి కూడా బియ్యం వేయమనే చెప్పి వచ్చింది. రైతు తన కొడుక్కి కాలేజీకని చెప్పులు మా వీధిలోనే కొన్నాడు, బట్టలు టైలరన్న దగ్గరే కుట్టించాడు. మూగబోయిన పెట్టె మళ్లీ గొంతు విప్పింది. ఒకటి చెప్పాలి, మార్ట్ ఏమీ మూతపడలేదు. జనం అక్కడికీ వెళ్తారు, కాకపోతే మాస్కు లేకుండా వెళ్లి, "సేటమ్మా, ఆడ షాంపూ తెచ్చుకున్న, నీ దగ్గర లేదు గదా" అని చెప్పి మరీ తిట్లు తింటారు. కోదాడ బావకు మాత్రం అట్లాంటి వీధి దొరకలేదు. తన కొట్టు మూసేశాడు. అక్కడి మార్ట్‌లోనే యూనిఫారం వేసుకుని బిల్లులు కొడుతున్నాడు. ఫోన్ చేసినప్పుడు, "ఏసీ ఉందత్తయ్యా, చల్లగా ఉంటది" అన్నాడు. అత్త ఆ రోజు అన్నం తినలేదు. తరువాత మామయ్యను, "నువ్వు గట్ల నవ్వు మళ్లొక్కసారి, సూస్త" అని అడిగింది. ఆయన ప్రయత్నించాడు గానీ, అనుమతి దొరికాక రాలేదు.

ఇప్పుడు నేను హైదరాబాదులో ఆఫీసు ఉద్యోగం చేస్తున్నాను. బల్లులంటే భయం పోయింది, తెలియని నంబర్లంటే విసుగు తప్ప ఇంకేం లేదు. సరుకులు ఫోన్‌లో నొక్కితే తలుపు ముందు సంచీ పెట్టి పోతారు, పెట్టినవాడి ముఖం కూడా చూడను. మొన్నొక రోజు మా అపార్ట్‌మెంట్ కింద చిన్న దుకాణం ముందునుంచి పెద్ద స్టోరు సంచీలతో నడిచి వస్తూ, ఉన్నట్టుండి చున్నీ ముఖం మీదికి లాక్కున్నాను. ఆ దుకాణమామె నన్ను చూడలేదు, చూసినా నేనెవరో తెలియదు. నాకే నవ్వొచ్చింది. ఆ సబ్బుల వరసలో వణుకుతూ నిలబడిన పిల్ల ఎంత పిరికిదో అనుకున్నాను. అయినా ఎంత అదృష్టవంతురాలు! ఆ పిల్ల ఏ సీసా కొన్నా పట్టించుకునేవాళ్లు ఊరినిండా ఉండేవారు. సంచీలు పైన పెట్టి, మళ్లీ కిందికి దిగి, ఆ దుకాణంలో ఏమడగాలో తెలియక కందిపప్పు అడిగాను. "ఎంతమందమ్మా మీ ఇంట్లో?" అంది ఆమె. నా గుండె కొంచెం దడదడలాడింది. ఎంత హాయిగా ఉందో!